చవక సైకిలు కొనండి, చవక గేర్ల సైకిలు వద్దు

ప్రతి ఏటా జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో మా ఉన్నత పాఠశాలకు వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు, పుస్తకాల సంగతీ బస్సు పాసు సంగతీ అయిపోయాక, ఫోను తీసి ఒక సైకిలు బొమ్మ చూపిస్తారు. 21 గేర్లు, ముందూ వెనకా డిస్కు బ్రేకులు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, సీటు కింద ఇంకో లావుపాటి స్ప్రింగు. ధర 8,000 రూపాయలకు అటూ ఇటూ. "తీసుకోమంటారా మాస్టారూ?" అని అడుగుతారు. నేను బడికి సైకిలు మీదే వస్తాననీ, దాని మరమ్మతులు చాలావరకు సొంతంగానే చేసుకుంటాననీ మా మండలంలో చాలామందికి తెలుసు కాబట్టి ఈ సలహా నన్ను అడగడం వాళ్ళకు అలవాటైంది. నేను అందరికీ ఒకే మాట చెబుతాను: ఆ డబ్బుతో మంచి సైకిలే వస్తుంది, ఆ బొమ్మలోని సైకిలు మాత్రం వద్దు.

ఈ మాట సగమే చెవిన పడి, "మాస్టారు చవక సైకిళ్ళు కొనొద్దంటున్నారు" అని ఊళ్ళోకి పాకడం నాకు బాధ కలిగిస్తుంది. నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. మన దేశంలో పేదవాడి చేతికి అందిన యంత్రాల్లో చవక సైకిలంత మేలు చేసినవి చాలా తక్కువ. నా అభ్యంతరమల్లా ఖరీదైన సైకిలు వేషం కట్టిన చవక సైకిలు మీదనే. రెండింటి ధరా ఒకటే కావచ్చు గాని, ఆ ధరలో మనకు ముట్టే సరుకు ఒకటి కాదు. ఆ తేడా ఎక్కడుందో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగినది కాదు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు లెక్క చూద్దాం. 8,000 రూపాయల సైకిలులో అమ్మేవాడి లాభం ఉంటుంది, రవాణా ఖర్చు ఉంటుంది, పన్ను ఉంటుంది. 2017 నుంచి 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గడం మంచిదే గాని, ఆ తగ్గుదల వల్ల సైకిలు స్వభావం మారిపోదు. ఇవన్నీ పోగా మిగిలిన సొమ్ముతోనే ఫ్రేము, ఫోర్కు, రెండు చక్రాలు, చైను, పెడళ్ళు, హ్యాండిలు, సీటు, బ్రేకులు అన్నీ తయారు కావాలి. గేర్లు లేని మామూలు సైకిలులో ఆ సొమ్ము వీటి మధ్యే పంచుకుంటారు. గేర్ల సైకిలులో వీటితో పాటు ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు, చైనును ఒకదాని మీద నుంచి మరొకదాని మీదికి నెట్టే డిరైలర్లు రెండు, హ్యాండిలు మీద వాటిని తిప్పే మీటలు రెండు, కేబుళ్ళు, డిస్కు పళ్ళేలు రెండు, వాటిని పట్టుకునే కాలిపర్లు రెండు, స్ప్రింగులు, వెనక ఫ్రేము మడతపడే చోట బుష్షులు అదనంగా వచ్చి చేరతాయి. పదిమందికి వండిన అన్నం ముప్పైమందికి వడ్డించాల్సి వస్తే ప్రతి విస్తరిలోనూ పడేది ఎంతో అంతే ప్రతి భాగానికీ దక్కుతుంది.

ఆ కోత ఎక్కడ పడుతుందో కొనేవాడికి కనిపించదు. రంగు బాగుంటుంది, స్టిక్కర్లు మెరుస్తుంటాయి, గేరు మీట టకటకమంటుంది. కోత పడేది చక్రం మధ్యలోని హబ్బులో, ఇరుసులో, దాని చుట్టూ తిరిగే ఉక్కు బాల్స్‌లో, రిమ్ము మందంలో, చువ్వల నాణ్యతలో, పెడళ్ళ ఇరుసు తిరిగే బీబీలో (బాటం బ్రాకెట్లో). అంటే మనిషి బరువంతా మోసే చోట్ల. పైన పటారం లోన లొటారం అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కిందటి దసరా సెలవులకు ముందు మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తన సైకిలు నడిపించుకుంటూ బడికి వచ్చాడు. వేసవిలో కొన్న సైకిలు. వెనక చక్రం అటూ ఇటూ ఊగుతూ ఫ్రేముకు రాసుకుంటోంది. సాయంత్రం వాడిని వెంటబెట్టుకుని బస్టాండు పక్కన ఉన్న షాపుకు వెళ్ళాను. ఆ షాపు పెద్దాయనను నేను బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన చక్రం విప్పి, నట్లు, బాల్స్ను లోపల పట్టి ఉంచే కోన్లు తీసి, ఇరుసును బయటికి లాగి, షాపు ముందరి నాపరాయి మీద పెట్టి అరచేత్తో దొర్లించాడు. నిటారుగా ఉన్న ఇరుసు రాయి మీద చప్పుడు లేకుండా దొర్లుతుంది. ఇది టకటకా ఎగిరింది. మధ్యలో వంగి ఉంది. తర్వాత కోన్లను గుడ్డతో తుడిచి వెలుగులో పట్టుకుని చూపించాడు. బాల్స్ నడిచే దారి అద్దంలా నున్నగా ఉండాల్సింది పోయి, సూదితో పొడిచినట్టు గుంటలు పడి ఉంది. గ్రీజు అన్నది పేరుకు ఒక పొర ఉంది, అదీ ఎండి గోధుమ రంగు బెరడు కట్టింది. "బండి తప్పు లేదు మాస్టారూ, పిల్లోడి తప్పూ లేదు. దీంట్లో ఇనుమే మెత్తది" అన్నాడు.

ఇరుసు వంగడానికి ఇనుము మెత్తదనం ఒక్కటే కారణం కాదు, అమరికలోనే ఒక లోపం ఉంది. చవక గేర్ల సైకిళ్ళలో ఏడు పళ్ళచక్రాలున్న ఫ్రీవీలును హబ్బు అంచున మర లాగా బిగిస్తారు. ఇరుసుకు ఆధారమిచ్చే బాల్స్ ఆ ఫ్రీవీలుకు లోపలి వైపున, హబ్బులోనే ఉండిపోతాయి. ఆ ఆధారం దగ్గర నుంచి ఫ్రేము పట్టుకునే చోటి దాకా ఇరుసు కుడివైపున మూడు నాలుగు సెంటీమీటర్ల మేర ఏ ఆసరా లేకుండా ఉంటుంది. చక్రం గుంతలో పడ్డ ప్రతిసారీ దెబ్బ ఆ పొడవు మీద పడుతుంది. ఒకే పళ్ళచక్రం ఉన్న మామూలు సైకిలులో ఆ దూరం చాలా తక్కువ, అందుకే ముప్పై ఏళ్ళ నాటి పాల సైకిలులో కూడా ఇరుసు నిటారుగానే ఉంటుంది. ఖరీదైన గేర్ల సైకిళ్ళలో ఈ ఇబ్బంది ఎప్పుడో తీర్చారు. వాటి హబ్బులో కుడివైపు ఆధారాన్ని పళ్ళచక్రాల బయటి అంచు దాకా జరిపి పెడతారు. అది కచ్చితమైన పని, మంచి ఉక్కు కావాలి, కాబట్టి ఎనిమిది వేల సైకిలులో అది రాదు.

చువ్వల కథా ఇలాంటిదే. ఏడు పళ్ళచక్రాలకు చోటివ్వడానికి వెనక చక్రంలో కుడివైపు చువ్వలను దాదాపు నిటారుగా, బాగా బిగువుగా కట్టాలి. ఎడమవైపువి ఏటవాలుగా, వదులుగా ఉంటాయి. అంటే బరువంతా ఒక పక్కే ఎక్కువగా మోస్తుంది. ఒకటే పొర ఉన్న పల్చని రిమ్ము, యంత్రం మీద హడావుడిగా బిగించిన చువ్వలు దీనికి తోడైతే కుడివైపు చువ్వలు ఒక్కొక్కటే తెగడం మొదలవుతుంది. తెగిన చువ్వ మార్చాలంటే ఏడు చక్రాల ఫ్రీవీలు విప్పాలి, దానికి వేరే పనిముట్టు కావాలి, ఆ పనిముట్టు ప్రతి ఊరి షాపులోనూ ఉండదు. మన పాత 22 సైజు, 24 సైజు నల్ల సైకిలులో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలుంటాయి. బరువు వెనక చక్రం మీద ఎక్కువ పడుతుందని తెలిసినవాళ్ళు చేసిన ఏర్పాటు అది. రెండు పక్కలా చువ్వలు ఇంచుమించు సమానమైన బిగువుతో ఉండడం వల్ల బెండు తీయడం కూడా ఏ షాపువాడికైనా సులువు.

బడి స్టాండు దగ్గర నిలబడి చూస్తే మిగతా భాగాల సంగతీ తెలుస్తుంది. పిల్లలు సైకిళ్ళను ఒకదాని మీదికి ఒకటి ఆనించి పెడతారు, గాలి వచ్చినా ఎవరైనా తోసినా వరసగా పడిపోతాయి. కుడివైపు పడిన గేర్ల సైకిలుకు డిరైలర్ లోపలికి వంగుతుంది. ఆ సంగతి ఎవరికీ కనపడదు. మర్నాడు పిల్లవాడు వంతెన ఎక్కడానికి పెద్ద పళ్ళచక్రం మీదికి గేరు మార్చగానే ఆ వంగిన డిరైలర్ తిరుగుతున్న చువ్వల్లోకి దూరుతుంది. చువ్వలు, డిరైలర్, ఒక్కోసారి చైను కూడా ఒకే క్షణంలో పాడైపోతాయి. పిల్లవాడు కింద పడకుండా బయటపడితే అదే పదివేలు. డిస్కు పళ్ళెం కూడా అంతే పల్చనిది, పక్క సైకిలు పెడల్ తగిలితే వంగుతుంది, వంగినప్పటి నుంచి ప్రతి చుట్టుకూ బ్రేకుకు రాసుకుంటుంది. ఈ ధరలో వచ్చే డిస్కు బ్రేకుల్లో పళ్ళేన్ని నొక్కే మెత్తల్లో ఒక పక్కదే కదులుతుంది, రెండో పక్కది కదలదు. అది అరిగినకొద్దీ మరతో దగ్గరికి జరుపుకుంటూ ఉండాలని పిల్లలకు చెప్పేవాళ్ళు లేరు. బ్రేకు పట్టడం మానేశాక కాళ్ళతో ఆపుకోవడం నేర్చుకున్న పిల్లలను నేను చూశాను. డిస్కు బ్రేకు ఉందన్న ధైర్యంతో కొన్న తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు.

సీటు కింది స్ప్రింగు గురించి రెండు మాటలు చాలు. అది ఊపును అణచదు, ఉట్టి స్ప్రింగు కాబట్టి తొక్కే బలంలో కొంత మింగి, మనిషిని పైకీ కిందికీ ఊపుతుంది. దానివల్ల, దాన్ని మోసే ఇనుము వల్ల ఆ సైకిలు బరువు పాత నల్ల సైకిలుకు ఏమీ తీసిపోదు.

మరి మామూలు సైకిలు ఎందుకు నిలబడుతుంది? దాని వెనక డెబ్బై ఏళ్ళకు పైబడిన అనుభవం ఉంది. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో సైకిల్స్ 1956లో మొదలయ్యాయి. 1986 నాటికి హీరో ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఈ కంపెనీలన్నీ కోట్ల సంఖ్యలో చేసినవి దాదాపు ఒకే నమూనా సైకిళ్ళు. దాని ఫలితమేమిటంటే ఒక కంపెనీ సైకిలుకు మరో కంపెనీ ఇరుసు, కోను, ఫ్రీవీలు, పెడల్ కడ్డీని బిగించే కాటర్ పిన్ను, చైను వేసుకోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 45 ఇళ్ళలో సైకిలు ఉన్నట్టు తేలింది. అన్ని ఇళ్ళకు పనికివచ్చే భాగాలు కాబట్టే అవి ప్రతి సంతలోనూ, ప్రతి మండల కేంద్రంలోనూ డబ్బాల్లో పోసి అమ్ముతారు. మా ఊళ్ళో ఒక మామూలు సైకిలును పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త బాల్స్, కొత్త గ్రీజు పెట్టి ఓవరాయిలింగ్ చేస్తే ఒక పూట పని. ఆ పూట తర్వాత అది మళ్ళీ కొత్త సైకిలులా నడుస్తుంది. చవకదనం అంటే నా దృష్టిలో ఇది: కొన్న రోజు ధర తక్కువ కావడమే గాక, ఐదో ఏట కూడా దాని మరమ్మతు మన చేతికి అందుబాటులో ఉండడం.

ఈ విషయం రోజూ సైకిలు మీద బతికేవాళ్ళకు బాగా తెలుసు. తెల్లవారుజామున రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి వెళ్ళే రైతు, వెనక గడ్డిమోపు కట్టుకుని గట్టు మీద వచ్చే కూలీ, ఇంటింటికీ పేపరు వేసే కుర్రాడు గేర్ల గురించి నన్ను ఎన్నడూ అడగలేదు. సైకిలు ఆగితే వాళ్ళకు ఆ పూట కూలి పోతుంది, కాబట్టి ఏది ఆగదో వాళ్ళకు తెలుసు. మోసపోయేది ఎక్కువగా నెలజీతం మీద బతికే మధ్యతరగతి వాళ్ళు, అదీ పిల్లల కోసం కొనేటప్పుడు. డబ్బు కూడబెట్టి, పిల్లవాడి ముఖంలో సంతోషం చూడాలని కొన్న వస్తువు ఆరు నెలల్లో మెట్ల కింద పడి ఉండడం ఆ కుటుంబానికి చిన్న నష్టం కాదు. ఇంకో నష్టం కూడా ఉంది. "సైకిలంటేనే ఇలా పాడవుతుంది" అని ఆ పిల్లవాడు అనుకుంటాడు, లైసెన్సు వయసు రాకముందే మోటారుబండి కావాలంటాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అతి చవకైన, అతి మామూలు సైకిలు ఎంత పని చేయగలదో తెలియాలంటే బిహార్ వైపు చూడాలి. అక్కడి ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చింది. ఆ రోజుల్లో ఆ డబ్బుకు వచ్చేది గేర్లు లేని మామూలు లేడీస్ సైకిలు. ఆ పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్‌లు తమ పరిశోధనలో ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందనీ లెక్కగట్టారు. రెండు వేల రూపాయల సైకిలు ఆడపిల్లను హైస్కూలుకు చేర్చగలిగినప్పుడు "చవక సైకిలు కొనడం దండగ" అని ఎవరు అనగలరు? మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచిన సంవత్సరాలున్నాయి. అప్పుడు అక్క తొక్కిన సైకిలు మీద ఇప్పుడు చెల్లెలు బడికి వస్తుండడం మా బడి స్టాండులోనే చూస్తున్నాను. వాటికి మడ్‌గార్డులు ఊడిపోయి ఉండవచ్చు, బుట్ట తుప్పు పట్టి ఉండవచ్చు, చక్రాలు మాత్రం నిటారుగా తిరుగుతున్నాయి.

ఇది మన దేశపు పేదరికం వల్ల పుట్టిన సర్దుబాటు అని ఎవరైనా అనుకుంటే, సైకిలు భాగాల తయారీలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్రామ్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎఫ్.కె. డే చేసిన పని గుర్తు చేయాలి. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో బాధితులకు సైకిళ్ళు పంచడంతో ఆయన మొదలుపెట్టిన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ సంస్థ, ఆఫ్రికా పల్లెల కోసం బఫెలో అనే సైకిలును రూపొందించింది. గేర్లు తయారుచేసే కంపెనీ మనిషి, కావాలంటే ఎన్ని గేర్లయినా పెట్టగలిగిన మనిషి, ఆ సైకిలుకు ఒకటే గేరు పెట్టించాడు. పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు, వంద కిలోలు మోసే వెనక క్యారేజీ, బలమైన చువ్వలు, అంతే. ఈ మధ్య రెండు గేర్ల రకం కూడా తెచ్చారు, అందులోనూ కింద పడితే వంగే డిరైలర్ లేదు. అమెరికాలో కూడా 2022లో సైకిలు మెకానిక్కులు కొందరు కలిసి, పెద్ద దుకాణాల్లో అమ్మే నాసిరకం సైకిళ్ళకు కనీసం 500 గంటలు తొక్కినా పాడవకుండా ఉండాలన్న నియమం పెట్టాలని వినతిపత్రం తయారుచేశారు. రోజుకు గంట చొప్పున వారానికి ఆరు రోజులు బడికి వెళ్ళివచ్చే మన పిల్లవాడి లెక్కలో 500 గంటలంటే సుమారు రెండేళ్ళే. అంత చిన్న కోరిక కూడా అక్కడ కోరాల్సి వచ్చిందంటే సమస్య ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

మామూలు సైకిలుకు లోపాలు లేవని నేను చెప్పను. పాత నల్ల సైకిలు బరువైనది. దాని రాడ్డు బ్రేకులు, మెరుపు పూత ఇనుప రిమ్ముల మీద వానలో సరిగా పట్టవు. తడిసిన రోడ్డు మీద చాలా ముందుగానే బ్రేకు వేసుకోవాలి. పొట్టివాళ్ళకు 24 సైజు ఫ్రేము ఎత్తవుతుంది, మధ్య కడ్డీ వల్ల చీర కట్టుకున్నవాళ్ళు ఎక్కలేరు. బడిపిల్లలకు నేను చెప్పేది గేర్లు లేని, రిమ్ము మీద రెండు పక్కలా రబ్బర్లు పట్టే కేబుల్ బ్రేకులున్న, వాళ్ళ ఎత్తుకు సరిపోయే సైకిలు. ఐదు వేల నుంచి ఏడు వేల లోపు మండల కేంద్రంలోని ఏ దుకాణంలోనైనా అలాంటివి దొరుకుతున్నాయి. అదే ఫ్రేము మీద తిన్నని హ్యాండిలు, లావు టైర్లు ఉన్నవి కూడా ఉన్నాయి. "వాడికి గేర్ల సైకిలు మీదే మనసుంది మాస్టారూ" అనే తల్లి మాటను నేను తేలిగ్గా తీసుకోను. పద్నాలుగేళ్ళ వయసులో తోటివాళ్ళ ముందు తలెత్తుకుని తొక్కాలన్న కోరిక న్యాయమైనదే. ఆ కోరిక రంగుతో, రూపంతో చాలావరకు తీరుతుంది, దాని కోసం పని చేయని ఇరవై గేర్లను మోయాల్సిన అవసరం లేదు.

"ఇంటర్‌కు హాస్టలుకు పోయేదాకా, రెండేళ్ళు వస్తే చాలు" అనేవాళ్ళూ ఉన్నారు. నిజంగా రెండేళ్ళు వస్తే నేను నోరు మెదపను. గేర్లు సరిచేయించడం, చువ్వలు వేయించడం, డిస్కు మెత్తలు పట్నం నుంచి తెప్పించడం కలిపితే రెండో ఏడు తిరిగేసరికి మామూలు సైకిలుకు పెట్టే దానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. చాలా ఇళ్ళలో ఆ ఖర్చు పెట్టకుండా సైకిలునే మూలన పెడతారు. అమ్మబోతే దాన్ని పాత ఇనుము కింద తూకానికి తీసుకుంటారు గాని సైకిలు కింద ఎవరూ కొనరు. మామూలు సైకిలు ఐదేళ్ళ తర్వాత కూడా చేతులు మారుతుంది.

గేర్లు నిజంగా అవసరమైన చోట్లున్నాయి, అక్కడివాళ్ళకు నేను ఈ సలహా ఇవ్వను. విశాఖపట్నంలో సింహాచలం వైపు, కైలాసగిరి వైపు ఉండేవాళ్ళకు, హైదరాబాదులో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎగుడుదిగుళ్ళలో రోజూ తిరిగేవాళ్ళకు ఒకే గేరు సైకిలు మోకాళ్ళకు శిక్ష. అలాంటివాళ్ళు చేతిలో పది వేలే ఉంటే కొత్తది కొనకుండా, ఇరవై పాతిక వేలకు కొన్న మంచి సైకిలును సెకండ్ హ్యాండులో వెతకాలి. 2020లో లాక్‌డౌన్ తర్వాత నగరాల్లో సైకిళ్ళకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అప్పుడు కొన్నవి ఎన్నో అపార్టుమెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. టైర్లు, ట్యూబులు ఎండిపోయి ఉంటాయి, అవి మార్చుకోవచ్చు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. చక్రాన్ని పైకెత్తి తిప్పి పక్కలకు ఊగుతోందా చూడాలి, చక్రాన్ని రెండు చేతులతో పట్టి అటూ ఇటూ కదిపి ఇరుసు దగ్గర వదులుందేమో చూడాలి, పెడల్ క్రాంకును, అంటే పెడల్ బిగించిన కడ్డీని పట్టుకుని అలాగే కదిపి చూడాలి, ఫ్రేము అతుకుల దగ్గర రంగు పగిలి పగులు కనిపిస్తోందేమో వేలితో తడిమి చూడాలి. ఈ నాలుగూ బాగుంటే మిగతావి ఓవరాయిలింగ్‌తో సరిపోతాయి. పసిపిల్లల చిన్న సైకిళ్ళ విషయంలోనైతే నేను అసలు కొత్తవి కొనమని చెప్పనే చెప్పను. ఏడాదిన్నరలో చిన్నవైపోతాయి కాబట్టి బంధువుల ఇళ్ళలో ఉన్నది తెచ్చుకోవడమే మేలు.

ఇంత చెప్పినా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలనుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది డబ్బు సంగతి కాదు, పిల్లల పళ్ళూ ఎముకల సంగతి. సైకిలు అట్టపెట్టెలో ముక్కలుగా వస్తుంది. హ్యాండిలు, ముందు చక్రం, పెడళ్ళు, సీటు ఇంట్లో బిగించుకోవాలి. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే చక్రం బిగించిన సైకిళ్ళు నా కళ్ళతో చూశాను, వాటి మీద పిల్లలు తొక్కుతూనే ఉన్నారు. ఫోర్కు కింద చక్రం బిగించే కొనలు ముందు వైపుకు ఉండాలి, ముందు బ్రేకు ఫోర్కుకు సరైన పక్కన ఉండాలి. ఎడమ పెడల్ మర ఎడమకు తిప్పితే బిగుస్తుంది, తెలియక బలవంతంగా బిగిస్తే క్రాంకులో మర పోతుంది. పెట్టెను అలాగే షాపుకు తీసుకెళ్ళి, షాపతను అడిగిన కూలి బేరమాడకుండా ఇచ్చి, హబ్బులు విప్పించి గ్రీజు పెట్టించి, చక్రాలకు బెండు తీయించి, బ్రేకులు సరిచేయించుకోండి. "నా దగ్గర కొనని సైకిలు నేనెందుకు చూడాలి" అని కొందరు షాపువాళ్ళు విసుక్కుంటారు, వాళ్ళ విసుగులో న్యాయముంది. నాలుగు వందలో ఐదు వందలో తగ్గుతుందని షాపును దాటిపోయి కొన్న సైకిలుకు చివరికి ఆ షాపే దిక్కవుతుంది.

కంపెనీలు ప్రతి సైకిలు మీదా ఎంత బరువు మోస్తుందో, ఇరుసు, బీబీ ఏ రకానివో, వాటి విడి భాగాలు ఎన్నేళ్ళ పాటు దొరుకుతాయో రాసి అమ్మాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మోటారుబండి కొనేవాడికి ఇచ్చే సమాచారంలో పదో వంతు కూడా సైకిలు కొనేవాడికి ఇవ్వడం లేదు. అలాంటి నియమం వచ్చేదాకా కొనేవాళ్ళు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. సైకిలు ఎంచుకున్నాక, డబ్బు కట్టే ముందు, మీ ఊరి షాపులో దాని వెనక ఇరుసు, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లు చూపించమని అడగండి. అతను వెనక్కి తిరిగి డబ్బాలోంచి తీసి బల్ల మీద పెడితే ఆ సైకిలు కొనుక్కోండి. "పట్నం నుంచి తెప్పించాలి" అంటే అది ఎంత చవకైనా, మీ పిల్లవాడికి ఎంత నచ్చినా, ఇంకో సైకిలు చూపించమనండి.